మాస్టారి భార్య చదువు

యోబు మాస్టారు చదివితే చచ్చినవాడు కూడా లేచి కూర్చుని వింటాడని కొల్లేటి గట్టునున్న ఆ ఊళ్లో ఒక వేళాకోళం ఉండేది. మిషను బడికి ఆయన ఒక్కడే మాస్టారు. సంఘంలో ఎవరు పోయినా, సమాధికి తీసుకెళ్లేముందు గుడిలో ఆ మనిషి జీవిత చరిత్ర రాసి చదివే పని ఆయనదే. ఇరవై రెండేళ్లలో ఎంతమందికి రాశాడో! తాగొచ్చి పెళ్లాన్ని చావగొట్టినవాడికీ రాశాడు, పక్కవాడి చేను గట్టు నరికి కలుపుకున్నవాడికీ రాశాడు. "అనుదినము వేకువనే లేచి వాక్యము చదువుకొనెడివారు" అనే ముక్క మాత్రం అందరికీ ఉండేది. పోయినవాడికి ఓనమాలు రాకపోయినా ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఏడ్చేవాళ్లకి అదొక ఓదార్పు, పోనిద్దురూ.

1936 ఆగస్టు వానల్లో ఆయన భార్య కృపావరమ్మ చలిజ్వరంతో తొమ్మిది రోజులు మూలిగి మూలిగి కన్నుమూసింది. ఇన్నాళ్లూ రాసినవన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తుగా ఉండాలనుకున్నాడు మాస్టారు. ఉండొద్దూ మరి? ఇరవై ఆరేళ్ల కాపురం. తెల్లారగానే కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. సాధ్వి, సహనవతి, అతిథులను ఆదరించెడిది... ఏడుస్తూనే రాశాడు. అది దొంగ ఏడుపని నేననను. చెయ్యి మాత్రం అలవాటైన దారినే పోయింది.

గుడి నిండా జనం. గోతిలో నీళ్లూరుతున్నాయి, త్వరగా కానివ్వండని పాస్టరు సత్యానందంగారు చెవిలో చెప్పారు. మాస్టారు చదవడం మొదలుపెట్టాడు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఈమె అనుదినము వేకువనే లేచి వాక్యము చదువుకొనెడిది" అన్నాడు.

"ఆవిడకి చదువెక్కడొచ్చండీ?"

అన్నది అచ్చాయమ్మ. కృపావరమ్మతో కలిసి పాతికేళ్లు ఊడ్పులకెళ్లిన మనిషి. గట్టిగా కూడా అనలేదు, అయినా గుడంతా వినబడింది.

సత్యానందంగారు గొంతు సవరించుకుని, "ఆ ముక్క వదిలేసి తర్వాతది చదవండి మాస్టారూ" అన్నారు.

తర్వాతది చూశాడు. నిరుడు పాపారావు తల్లికి రాసిందే. దాని కిందదీ ఎవరికో రాసిందే. మూడు కాగితాలూ తిరగేశాడు. ఎక్కడా కృపావరమ్మ లేదు.

"రాదండి" అన్నాడు చివరికి. "దానికి చదువు రాదు. ఊళ్లో పిల్లలందరికీ నేర్పాను గానీ మా ఇంటిదానికి నేర్పలేదు. అడిగిందండి. పెళ్లైన కొత్తలో అడిగింది. బిడ్డ పోయినప్పుడు, ఇంట్లో ఏం తోచట్లేదండీ, నాలుగక్షరాలు నేర్పండి అని మళ్లీ అడిగింది. 'ముందు కూర మాడకుండా చూడు' అన్నాను. పైగా అదేదో ఘనకార్యమైనట్టు మీ అందరికీ చెప్పాను. మీరూ నవ్వారు."

ఎవరూ తలెత్తలేదు. సత్యానందంగారు గబగబా పాట అందుకున్నారు. సగం మందే కలిశారు.

సమాధి మీద మట్టి వేసి అందరూ మళ్లుతుంటే, మాస్టారు అచ్చాయమ్మ కోసం గట్టు మీద ఆగాడు. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననీ అనుకున్నాడు.

"గుడిలో నోరు జారానండి, ఏవనుకోకండి" అంది ఆమె. "ఊరుకోలేకపోయాను. చదువుకోవాలని ఆవిడకెంత ఆశో నాకు తెల్సండి. మా కోడలు రత్నం ఏలూరు బోర్డింగులో చదివింది కదండీ, దాని దగ్గర పలక పట్టుకుని కూర్చునేది. మీరు బళ్లో ఉన్నప్పుడు, మధ్యాహ్నాలు. గుణింతాల దాకా వచ్చి మానేసిందండి."

మాస్టారు అడిగాడు, "మరి మానేసిందేం?"

అచ్చాయమ్మ తడిసిన కొంగు పిండుకుంది.

"తప్పులు వస్తున్నాయి, ఆయనకి తెలిస్తే నవ్వుతారు, అందండి. మర్నాటి నించి రాలేదు."

నవ్వేవాణ్ణి కాదని చెప్పడానికి మాస్టారు నోరు తెరిచాడు. చెప్పలేకపోయాడు. నిజంగానే నవ్వేవాడు.