గట్టిగా చదివించిన కాగితం

శ్రావణమాసంలో ఒక మంగళవారం, పగలు సరిగ్గా పదకొండు గంటలు. సిరిసిల్ల నుంచి కోరుట్ల పోతున్న మా బస్సును కథలాపూర్ దగ్గర పోలీసులు ఆపారు. నక్సలైట్ల రోజులవి, మడత పెట్టిన కాగితం కనబడితే చాలు అనుమానమే.

పెళ్లై ఏడేళ్లయినా నాకు పిల్లలు లేరు. మా అత్త నా మొగుడికి రెండో పిల్లను చూడబోతూ, అతనితో పాటు, నాకిష్టమేనని నా నోటితో చెప్పించడానికి నన్నూ వెంట తెచ్చింది. మా ఇద్దరికీ చేసిన పరీక్షల కాగితం ఆస్పత్రి నుంచి తెచ్చిందీ, లోపం నాదని చెప్పిందీ ఆమే. మా ఇంట్లో ఎవరికీ చదువు రాదు.

ఆమె నడుముకు దోపుకున్న ఆ కాగితం పోలీసాయన కంటబడింది.

“ఏందవ్వా గిది? అన్నలు ఇచ్చిన చిట్టీనా?”

“అయ్యో, దవాఖాన కాయిదం సారూ! నా కోడలు గొడ్డుది, గదే రాసున్నది.”

ఇంగ్లీషు ఆయనకూ రాదు. నా పక్క సీటులోని బుర్ఖా ఆమె అందుకుని చదివి, నా ముఖం చూసింది.

“మెల్లగ చెప్పాల్నా చెల్లె, గట్టిగనా?”

“గట్టిగనే చెప్పక్కా. డ్రైవర్‌కు గూడ ఇనవడాలె.”

“గీ పిల్లకు ఏ లోపం లేదు. లోపం పెనిమిటికున్నది, మందులు వాడాలె అని రాసిండ్రు.”

బస్సంతా నవ్వింది. అత్త చెయ్యి చాపింది. ఆ అక్క కాగితాన్ని నా చేతిలో పెట్టి, నా వేళ్లు మూసింది.

మేం అక్కడే దిగిపోయాం. మొగుడు మిర్చి బజ్జీలు కొనిచ్చి, “ఇగ మందులు నేనే మింగుత తియ్యి,” అన్నాడు.

అత్త బతికినన్నాళ్లూ ఆ కాగితాన్ని గోడకు మేకు కొట్టి ఉంచాను. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను గనుక, ఆనాడు అక్కడున్నవాళ్లను రాసి పెడుతున్నాను: నేను పేరు అడగని ఆ అక్క, పోలీసాయన, నా మొగుడు నర్సయ్య, లచ్చవ్వ అనే నేను, నన్ను గొడ్డుదన్న మా అత్త రాజవ్వ.