జాడీ ఎక్కడుంటే కాపురం అక్కడ

నందిగామ ప్లీడరు కుటుంబరావుగారికి ఒకే ఒక్క పిచ్చి. మనిషి ఏ ఊరివాడో తేల్చాలంటే అతని ఏడాది ఆవకాయ జాడీ ఎక్కడుందో ఆయన కళ్ళారా చూడాలి. కరణం సంతకం చూపించినా, కలెక్టరు ముద్ర చూపించినా లాభం లేదు. "కాగితానిదేముందయ్యా, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. జాడీ కదలదు," అనేవారు.

ఇది ఆయనకు వేళాకోళం కాదు. ఎవరి పెళ్ళిచూపుల్లోనో పెళ్ళికొడుకు "బెజవాడలో ఉద్యోగమండి" అంటే, "అది సరే, జాడీ ఎక్కడ?" అని నిలదీసి సంబంధం ఇంచుమించు చెడగొట్టారు. బస్సు కండక్టరు "ఎక్కడికండీ?" అంటే "ముందు నీ జాడీ ఎక్కడో చెప్పు" అన్నారు. కొత్తగా వచ్చిన మునసబుగారు భోజనానికి పిలిస్తే, విస్తరి ముందు కూర్చోకుండా వంటింటి గడపలోంచి తొంగిచూసి, "తమరింకా రాజమండ్రివారేనండీ. ఇక్కడ సీసా తప్ప జాడీ లేదు," అని తీర్పు చెప్పేశారు. అప్పీలు ఎక్కడ చేసుకోవాలో తెలియక మునసబుగారు ఊరుకున్నారు.

అలాంటి మనిషి దగ్గరికి యాభై ఎనిమిదో సంవత్సరం జూలైలో వరప్రసాదరావు వచ్చిపడ్డాడు. జగ్గయ్యపేట మిషను బళ్ళో లెక్కలు చెబుతూ చెబుతూ, మంచి జీతమని అబిసీనియా వెళ్ళి అక్కడి హైస్కూల్లో చేరిన పంతులు. కొన్నేళ్ళ తర్వాత ఇదే మొదటిసారి సెలవుకు రావడం.

"నేను ఈ దేశంలో ఉంటున్నట్టా, లేనట్టా, ప్లీడరుగారండీ? ఉంటున్నట్టయితే అక్కడి జీతం మీద ఇక్కడ పన్ను కట్టాలంటున్నారు."

"ఇక్కడ ఇల్లుందా?"

"జగ్గయ్యపేటలో మా నాన్న ఇల్లుందండి. మా మేనత్త ఉంటది అందులో."

"అదీ చిక్కు! సగం ఏడాది నీకోసం ఇక్కడొక ఇల్లు అట్టిపెట్టుకుని, ఆ ఏడాదిలో ఎప్పుడు ఈ నేలమీద కాలుపెట్టినా నువ్వు ఇక్కడివాడివే అంటుంది చట్టం. పెట్టావుగా కాలు!"

"అందుకే ఈ నెల్లోనే అమ్మేద్దామనుకుంటున్నానండి. బెజవాడ ఆడిటరు అదే చెప్పాడు. ఒక కొట్టాయన బేరానికొచ్చాడు కూడా."

"మరి మీ మేనత్త?"

వరప్రసాదరావు చూపు నేలకు దిగింది. "ముక్త్యాలలో చుట్టాలున్నారండి. సర్దుకుంటది."

సర్దుకుంటుందని అతనికే నమ్మకం లేదు. తల్లి పోయిన పసివాణ్ణి చంకనేసుకుని, కూలికి పోయి చదివించిన మనిషి సౌభాగ్యమ్మ. ఇల్లు అమ్ముతానంటే "నీ ఇల్లు, నీ ఇష్టం నాయనా" అని ఊరుకుంది. ఆ మాట విన్నప్పటినుంచీ అతనికి అన్నం సయించడం లేదు.

కుటుంబరావుగారు కండువా భుజాన వేసుకున్నారు. "పద."

"ఎక్కడికండీ?"

"జగ్గయ్యపేట. జాడీ చూడాలి."

వంటింటి గుమ్మంలో సౌభాగ్యమ్మ అడ్డం నిలబడింది. "అయ్యగారూ, మా వంటింట్లోకా! అరుగు మీద కూర్చోండి, నేనే బయటికి తెస్తా."

"బయటికి తెస్తే సాక్ష్యం చెడిపోతుందమ్మా," అని ఆయన చెప్పులు విడిచి, తలవంచి లోపలికి నడిచారు. ఈ సంగతి తెలిస్తే భార్య తాయారమ్మ బావి దగ్గరే నిలబెట్టి బిందెలకు బిందెలు నెత్తిన కుమ్మరిస్తుందని ఆయనకు తెలుసు. అయినా ఆగలేదు.

లోపల ఒక చిన్న ముంత, దాని పక్కన వాసెన కట్టిన పెద్ద జాడీ ఉన్నాయి.

"ఈ ముంత ఎవరిదమ్మా?"

"నాదండి."

"జాడీ?"

"మా ప్రసాదుదండి. ఏటా వాడి పేరున పెడతా."

"ఏటా వచ్చాడా?"

"రాలేదండి. ఎండాకాలం వచ్చేసరికి ఈధిలో వాళ్ళకి పంచేసి, మళ్ళీ కొత్తది పెడతా. ఎప్పుడొస్తాడో తెలవదు కదండీ."

వరప్రసాదరావు గోడవైపు తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"అయిపోయింది!" అని కేక పెట్టారు కుటుంబరావుగారు. "ఇల్లు నీ పేరున, జాడీ నీ పేరున! అబిసీనియా జీతం మొత్తం పన్నుకిందికి వచ్చేసింది!"

సౌభాగ్యమ్మ హడలిపోయింది. "అయ్యో, నా పచ్చడి మూలంగానా! ఇప్పుడే పారబోస్తానండి," అని జాడీ ఎత్తబోయింది.

"ఆగమ్మా! ఒక్కటే దారి. ఇల్లు నీ పేరున రాసేస్తే ఇతను వచ్చిపోయే చుట్టమవుతాడు. చుట్టానికి గంగాళం నిండా ఆవకాయ పెట్టినా ఇంటివాడవడు. ఏమయ్యా, రాస్తావా?"

"రాస్తానండి," అన్నాడు వరప్రసాదరావు. అనేశాక గాని తనకు ఎంత తేలికైందో అతనికి తెలియలేదు. ఆ వారంలోనే దానపత్రం రిజిస్టరైంది.

సంగతి విన్న బెజవాడ ఆడిటరు కుర్చీలో పడి నవ్వాడు. "దానం చేసేశారా! అమ్మడం ఇష్టం లేకపోతే ఎవరికైనా అద్దెకిస్తే సరిపోయేదే! ఇంతకీ ఆ జాడీ ఏ సెక్షన్లో ఉందండీ?"

వరప్రసాదరావు మండిపడుతూ తిన్నగా నందిగామలో దిగాడు.

"చట్టంలో జాడీ ఉందాండీ?"

"లేదు," అన్నారు కుటుంబరావుగారు, తమలపాకుకు సున్నం రాస్తూ.

"అద్దెకిస్తే సరిపోయేదని మీకు తెలుసాండీ?"

"తెలియకుండానే తల నెరిసిందనుకున్నావా?"

"మరి?"

"అద్దెకిస్తే మీ అత్త ఎక్కడుంటుందయ్యా? నీ పన్ను సంగతి ఇక్కడే కూర్చుని తేల్చేవాణ్ణి. ఆవిడకి ఆ ఇంట్లో ఏపాటి చోటుందో చూడాలనే వచ్చాను. మీ ఇంట్లో ఎవరు ఎవరి దయమీద బతుకుతున్నారని అడిగితే ఎవరైనా కర్ర తీస్తారు. జాడీ చూపించమంటే పిచ్చివాడని నవ్వి, వంటింట్లోకి రానిస్తారు."

లోపల్నుంచి తాయారమ్మ గొంతు వినిపించింది. "ఊరందరి వంటిళ్ళూ చూస్తారు గాని, మనింట్లో ఉప్పు నిండుకుందంటే మాత్రం వినిపించదు!"

వరప్రసాదరావు ఏదో కటువుగా అనాలని వచ్చినవాడు నవ్వేశాడు. దణ్ణం పెట్టి బస్సెక్కాడు.

జగ్గయ్యపేటలో దిగేసరికి సౌభాగ్యమ్మ తలుపుకు రంగు వేయిస్తోంది. వేసేవాణ్ణి నిలువునా నిలబెట్టి, ఆ రంగు కాదని ఇంకో రంగు కలిపిస్తోంది. ఆమె ఒకరి మీద గొంతెత్తడం అతను పుట్టి బుద్ధెరిగి వినలేదు.

"ఎవరూ, చుట్టమా!" అంది అతన్ని చూసి. "ఎన్నాళ్ళుంటావేంటి?"

"సెలవయ్యేదాకా ఉంటా అత్తా. ఉండనిస్తావా?"

సౌభాగ్యమ్మ నడుముమీద చెయ్యి వేసుకుంది.

"ఆలోచించి చెబుతాలే. ముందు చెప్పులు బయటిడు, గడప కడిగా."

వరప్రసాదరావు చెప్పులు బయట విడిచి, అత్తయ్య జవాబు కోసం బుద్ధిగా అరుగు మీద కూర్చున్నాడు.