దీనమ్మకు పడనివి

కాశిబుగ్గ దీనమ్మకు ఈ లోకంలో ఏదీ పడదు. ఆ సంగతి కడుపులో దాచుకునే మనిషి కూడా కాదు. ఎక్కడికి వెళ్లినా మొదటి మాట ఒకటే: "నాకు పడదు బిడ్డా!"

మొన్న చర్చిలో పాటలు జోరందుకున్నవేళ లేచి నిలబడింది. "పాస్టరయ్యా, ఆ మైకు జర తగ్గియ్యి. నాకు పడదు, చెవులు గుయ్యిమంటున్నయి." పాట ఆగింది. పక్కావిడ ఒళ్లో ఏడుస్తున్న పసిపాప మెల్లగా నిద్రలోకి జారుకుంది. ఇంకోసారి హన్మకొండ బస్సులో, "డ్రైవరన్నా, జర మెల్లగ పోనియ్యి. నాకు కడుపుల తిప్పుతాంది" అని గోల. పక్క సీట్లో నిండు చూలాలు ఉంది. కడుపులో తిప్పిన దీనమ్మ మాత్రం ఇంటికి రాగానే రెండు పళ్లాల మాంసం కూర లాగించింది.

కోడలు హెప్సిబా సరిగ్గా ఉల్టా. చెప్పు కరిచినా 'సరే', కూరలో ఉప్పు లేకపోయినా 'సరే' అనే రకం. అత్తమ్మ నోరు విప్పితే చాలు, సిగ్గుతో చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుంటుంది.

అలాంటి ఇద్దరికీ కలిపి రాజేష్ స్పా బుక్ చేశాడు. తల్లికీ పెళ్లానికీ సుఖం చేస్తున్నానని వాడి సంబరం. హెప్సిబాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. చిన్నప్పుడు గంజి ఒలికి వీపంతా కాలింది. ఆ మచ్చ కన్నతల్లీ, కట్టుకున్నవాడూ తప్ప ఎవరూ చూడలేదు. ఇంకెవరికీ చూపాలని లేదు, వద్దు అనే నోరూ లేదు.

లోపల అడుగు పెట్టేసరికి ఆటోల మోత ఎటు పోయిందో! మసక వెలుతురు, నిమ్మగడ్డి వాసన, ఎక్కడో నీళ్లు జారుతున్న సన్నని చప్పుడు. దీప అనే పిల్ల వచ్చి ఇద్దరి పాదాలూ గోరువెచ్చని నీళ్లలో పెట్టించింది.

"ప్రెషర్ ఎంత ఉండాలె ఆంటీ?"

"నాకు ప్రెషర్ లేదు బిడ్డా, షుగరే."

"అది కాదాంటీ, ఎంత గట్టిగ ఒత్తాలె అని."

"మరి గట్లడుగు!"

దీప నవ్వి, "ముందుగాల వీపు చేస్త. బట్టలు మార్చుకోన్రి" అంది.

'సరే' అన్న మాట హెప్సిబా నాలుక చివరకు వచ్చేసింది.

"వీపా?" దీనమ్మ కేక పెట్టింది. "మా ఖాందాన్లనే వీపు పడదు. చెయ్యేస్తే కితకితలు, కితకితలైతే దగ్గు, దగ్గితే వారం దినాలు మంచమే! మా ఇద్దరికి తల, కాళ్లు. గంతే."

"కోడలు మీ ఖాందాన్ కాదు గదాంటీ?"

"పెండ్లయినంక ఇంకేడికి పోతది?"

అమ్మయ్య! అత్తమ్మ కితకితలు చల్లగుండ అనుకుంది హెప్సిబా.

తలకు వెచ్చని నూనె పట్టి దీప వేళ్లతో మెల్లగా రాస్తుంటే కళ్లు వాటంతటవే మూతపడ్డాయి. చెరువు మీద వెల్లకిలా తేలుతున్నట్టుంది. నిద్రా కాదు, మెలకువా కాదు. దీప ఎప్పుడు పక్కకు వెళ్లిందో తెలియలేదు. పక్క మంచం మీద గుసగుస వినబడింది.

"అది నిద్రపోయిందా బిడ్డా?"

"పోయిందాంటీ."

"అయితే నా వీపు జర ఒత్తు. నడుము పట్టుకపోయింది. నీ బలమంత పెట్టు!"

"పడదంటిరి గదా!"

"నాకెందుకు పడదు? మంచిగ పడ్తది. ఆ పిల్లకు పడదు. ఎవరన్న వీపు మీద చెయ్యేస్తే బిగుసుకపోతది."

"ఎందుకట?"

"ఏమో. చెప్పాలనిపిస్తె చెప్తది, నేనెందుకడుగుడు? ఆ ఇబ్బందేదో నాదే అంటె అయిపాయె. నన్నెవరేమనుకున్నా నాకు ఫికర్ లేదు."

హెప్సిబాకు నిద్ర ఎగిరిపోయింది. అత్తమ్మ మీద ఎంత ప్రేమ ముంచుకొచ్చిందంటే, లేచి గట్టిగా వాటేసుకోవాలనిపించింది.

దీప ఇటు తిరిగింది. "లేచిండ్రా మేడం? భుజాలు జర ఒత్తమంటరా?"

పక్క మంచం మీద దీనమ్మ తల లేచింది, నోరు తెరుచుకుంది. కానీ హెప్సిబా ముందే అందుకుంది.

"వద్దు దీపా. భుజాలొద్దు, వీపొద్దు. చిన్నప్పుడు గంజి పడి కాలింది. తలనే ఇంకొంచెంసేపు రాయి, మస్తు హాయిగుంది."

ఈసారి చున్నీ ముఖానికి అడ్డం రాలేదు.

దీనమ్మ మంచం మీద లేచి కూర్చుంది. తర్వాత ఆ మసక వెలుతురూ, ఆ నిశ్శబ్దమూ ఏమైపోయినా సరే అన్నట్టు అరిచింది.

"ఇన్నవా బిడ్డా! మా కోడలు మాట్లాడుతాంది!"

ఆ కేకకు పక్క గదుల్లో హాయిగా కళ్లు మూసుకున్నవాళ్లంతా లేచి కూర్చున్నారు.