ఊరందరికీ ఒకటే పాస్‌వర్డు

మేడ్చల్ బస్టాండు ఎదురుగా ఇంటర్నెట్ సెంటర్ తెరిచినతని మీద నా కోపం ఇన్నేళ్లయినా చల్లారలేదు. ఇళ్లలో కంప్యూటర్లు లేని రోజులవి. నేను అప్పటికే రిటైరయ్యాను. గౌడవెల్లిలో ఉండే మా తమ్ముడి కూతురు డిగ్రీ పూర్తి చేసి, శామీర్‌పేట దగ్గర ఒక మందుల కంపెనీలో ల్యాబ్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంది. ఇంటర్వ్యూ పిలుపు ఈమెయిల్‌లోనే వస్తుందన్నారు. మా ఇళ్లలో ఎవరికీ ఈమెయిల్ లేదు.

ఆ సెంటర్లో ఒక పద్ధతి ఉండేది. వచ్చినవాళ్లందరికీ యజమాని తన ఐడీ ఒక్కటే ఇచ్చేవాడు. పాస్‌వర్డు చీటీ మీద రాసి ప్రతి కంప్యూటర్‌కూ అతికించాడు. దానితోనే మెయిల్, చాటింగ్, పేకాట అన్నీ తెరుచుకునేవి. పక్క ఊరు అత్వెల్లి వాళ్ల పెళ్లి ఫొటోలు, ఎవరివో పరీక్ష ఫలితాలు, మా అమ్మాయి దరఖాస్తు అన్నీ ఒకే డబ్బాలో. నేను బీరువాకొక తాళం, డైరీల పెట్టెకొక తాళం పెట్టుకునే మనిషిని. అమ్మాయికి వేరే ఐడీ తెరవమని అడిగాను.

"గన్ని పాస్‌వర్డులు ఎవలు యాదిపెట్టుకుంటరు సారూ? పిలుపొస్తే నేనే కబురు జేస్త," అన్నాడు.

కబురు రాలేదు. చూసి చూసి మేమే వెళ్లాం. ఐడీ తెరుచుకోలేదు. ఎవడో చాటింగ్‌లో ఎవరినో బూతులు తిట్టాడట, అవతలివాళ్లు ఫిర్యాదు చేస్తే ఐడీనే మూసేశారట. చాటింగ్‌తో పాటు మెయిలూ పోయింది. తిట్టినవాడు ఒకడు, శిక్ష ఊరందరికీ. యజమాని మాత్రం చాయ్ తాగుతూ, అదే పాస్‌వర్డుతో ఇంకో ఐడీ తెరిచానని, పరేషాన్ కావద్దని నాకే ధైర్యం చెప్పాడు. నేను నలుగురిలో అరిచే మనిషిని కాను. ఆ రోజు అరిచాను.

మర్నాడు అమ్మాయిని వెంటబెట్టుకుని కంపెనీకి వెళ్లాను. గేటు దగ్గర వాచ్‌మన్ లోపల కనుక్కుని వచ్చి, ఇంటర్వ్యూలు మొన్ననే అయిపోయాయని, పిలుపు అందరితోపాటే పంపారని చెప్పాడు. మళ్లీ పిలవరా అని అడిగాను. పిలవరట.

మేడ్చల్‌లో బస్సు దిగగానే అమ్మాయి నేరుగా సెంటర్లోకి నడిచి, తన పేరు మీద ఐడీ తెరవమంది. అతను కుర్చీ లాక్కుని కూర్చుని, పేరూ ఊరూ కొట్టాడు.

"పాస్‌వర్డు జెప్పు చెల్లె, కొడ్త."

"జెప్ప. నువ్వు లెవ్వు."

లేచాడు. ఆమె కూర్చుంది. అతను తొంగిచూడకుండా నేను వెనకాల అడ్డంగా నిలబడ్డాను. ఆమె చేతులు కదలలేదు.

"పెద్దబాపూ, నువ్వు గూడ అటు తిరుగు."

తిరిగాను. ఎదురుగా అతను. "సారుకు గూడ జెప్పదంట," అని నవ్వబోయాడు. కీబోర్డు చప్పుడు ఆగేదాకా నేను అతని ముఖంలోకే చూస్తూ నిలబడ్డాను.