తలుపు సందు

మొన్న ఫ్లైఓవర్ పనుల దగ్గర ‘ప్రమాదం లేని రోజులు’ అనే బోర్డు, దాని కింద పెద్ద అంకె చూసి ఆగిపోయాను. ఆ అంకె తగ్గకుండా ఎంతమంది నోళ్లు మూసుకున్నారో అనిపించింది. మనవరాలు చెయ్యి పట్టి లాగేదాకా కదల్లేదు.

డెబ్బైల్లో మేము హైదరాబాదు ఉప్పుగూడలో ఉండేవాళ్లం. మా ఆయన, మరిది ఇద్దరూ ఒక ప్రైవేటు కార్ఖానాలో, ఒకే షెడ్డులో రేకులు కోసే మిషన్ల మీద పనిచేసేవారు. జీతం అంతంతమాత్రం. కానీ ఏడాదంతా షెడ్డులో ఎవరికీ దెబ్బ తగలకపోతే దసరాకి అందరికీ బోనస్ ఇచ్చేవారు. ఒక్క దెబ్బ రిజిస్టరుకెక్కినా ఎవరికీ లేదు. ఎంత మంచి యజమానో అనుకున్నాను, నా తెలివి అలా ఏడ్చింది. అదే షెడ్డులో పనిచేసే మా గల్లీ మగవాళ్లు మాత్రం తరచూ ‘మెట్ల మీద జారిపడేవారు’. గల్లీలో ఒక్క ఇంటికీ మెట్లు లేవు. మొదట్లో నాకు నవ్వొచ్చేది, తర్వాత రాలేదు.

ఒక ఏడు దసరా దగ్గరపడ్డాక, ఒక మధ్యాహ్నం ఇంటి ముందు రిక్షా ఆగింది. మరిది చేతికి తువ్వాలు చుట్టారు, దాన్నిండా నెత్తురు. వెంట మా ఆయన, ఫోర్‌మన్. దవాఖానాకి పోకుండా ఇంటికెందుకు తెచ్చారని అడగబోయాను. ఎప్పుడూ గుమ్మం తొక్కని ఫోర్‌మన్ చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. ఆ మర్యాదకే నాకు భయమేసింది.

“చెల్లె, దవాఖానకు నువ్వే తోల్కపో. ఇంట్ల తలుపు సందుల చెయ్యి వడ్డదని చెప్పు. మేమొస్తె కార్ఖానాల తాకిందని ఎరుకైతది. అందరి ఇండ్లల్ల పండుగ నీ చేతిల ఉన్నది.”

“రేపు మరిది చెయ్యి వోతే ఎవలిస్తరన్నా?” అన్నాను.

మా ఆయన నేల చూస్తున్నాడు. చివరికి మరిదే అన్నాడు: “గట్లనే చెప్పు వదినా. లేకుంటే వీళ్ల మొఖం నేనెట్ల జూడాలె?”

చెప్పాను. డాక్టరు నన్నొక క్షణం చూసి, “అంత బరువా అమ్మా మీ తలుపు?” అన్నాడు. తల ఊపాను. మాది గాలికే కొట్టుకునే చెక్క తలుపు. కుట్లు వేసి పంపాడు. లోపల రేకు ముక్క ఉండొచ్చని నేను నోరు తెరిచి ఉంటే వెతికేవాడు. మరిది మర్నాడు చెయ్యి జేబులో పెట్టుకుని పనికి వెళ్లాడు, హాజరు తప్పితే అనుమానం వస్తుందని. ఆ చెయ్యి చీము పట్టి, పండగ ముందు రోజు దవాఖానాలో మూడు వేళ్లు తీసేశారు. ఆ సాయంత్రమే అందరికీ బోనస్ అందింది. గల్లీ అంతా కొత్త బట్టలు. మా గుమ్మం దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరూ గొంతు తగ్గించి, నడక పెంచేవారు.

దీపావళి దాటగానే, మిషను పట్టలేడని మరిదిని తీసేశారు. నష్టపరిహారం అడగడానికి వెళితే దవాఖానా చీటీ మా ముందు పెట్టారు. అందులో ఉన్నది నేను చెప్పిన మాటే. ఆ గదిలో నాకు ఏడుపు కూడా రాలేదు.

ఇన్నేళ్లలో మరిది నన్ను ఒక్క మాట అనలేదు. ఏదో ఒక రోజు అంటాడని ఎదురుచూస్తూనే నాకు డెబ్బై దాటాయి.