మొక్కనన్న దూదేకుల సాయిబు

ఆ రోజుల్లో కచేరీలో తర్జుమా గుమాస్తా అంటే మాటలా? నాకు ఇంగ్లీషు వచ్చని ఊరంతా చెప్పుకునేది. ఆ గీర నన్నేం చెయ్యలేదు, ఇంకొకడి కొంప ముంచింది.

వహాబీలు ఎక్కడున్నా కనిపెట్టి రాయమని పైనుంచి తాఖీదు వచ్చింది. అరబ్బు దేశంలో నూరేళ్ళ కిందట ఒక బోధకుడు మొదలుపెట్టిన మతమట. గోరీలకు మొక్కకూడదు, పీర్లను ఎత్తకూడదు, నడుమ వచ్చి చేరిన ఆచారాలన్నీ వదిలి మొదటినాటి పద్ధతికి మళ్ళాలి అంటారట. ఉత్తరాన అలాంటివాళ్ళు కొందరు సర్కారు మీద కత్తి పట్టారు, అది అబద్ధం కాదు. కానీ పీరుకు మొక్కనివాడినీ కత్తి పట్టినవాడినీ ఒక్క తాటికి కట్టేసింది ఆ తాఖీదు.

నిడదవోలు దగ్గర ఒక పల్లెలో దూదేకుల సాయిబు ఉండేవాడు. మా ఇంటి పరుపులూ ఆయన ఏకిన దూదివే. ఏటా పీర్ల పండగకు పెద్ద పీరును ఎత్తి నిప్పుల గుండం తొక్కేది ఆయనే. దారినపోయే మౌల్వీ ఎవరో ఏం చెప్పాడో, ఆ ఏడు ఎత్తనన్నాడు. ఊళ్ళో మొక్కుకున్నవాళ్ళంతా హిందువులే. కరణం అర్జీ పట్టుకుని కచేరీకి వచ్చాడు.

"మనకి లేని పట్టింపు ఈయనకేంటండి? వహాబీ కాకపోతే మరేంటండి?" అన్నాడు.

మా కచేరీ తెల్లదొర, నన్ను తర్జుమాకు పక్కన పెట్టుకుని, ఆ సాయిబును పిలిపించి అడిగాడు. "అల్లాకి తప్ప ఎవరికీ మొక్కనండి. దూది ఏకమంటే ఏకుతానండి, పీరు ఎత్తమంటే ఎత్తనండి," అన్నాడాయన.

పూజించనని రాస్తే సరిపోయేది. నా చేతులు పడిపోను, ఘనంగా ఉంటుందని 'ఎవరికీ తల వంచను' అనే అర్థం వచ్చేలా ఇంగ్లీషులో రాశాను.

దొర కలం కింద పెట్టాడు. "రాణిగారికి కూడానా?"

తల వంచడమన్న దొర మాటను సాయిబుకు తెలుగులో మళ్ళీ మొక్కడమనే చెప్పాను. పాపం, సాయిబు నవ్వాడు. "రాణిగారైనా మనిషేగదండి. మనిషికి మొక్కుతామాండి?"

అదీ రాశాను. ఆయన్ని ఆ పూటే జైలుకు పంపారు.

మర్నాడు దొర దగ్గరికి వెళ్ళి మాట తప్పు పడిందని చెప్పాను. అయితే ఇన్నాళ్ళూ నువ్వు చేసిన తర్జుమాలన్నీ తప్పులేనా అన్నాడు. ఉద్యోగం గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

వారం తిరక్కుండా సాయిబు భార్య మా గుమ్మంలోకి వచ్చింది. "మీరు రాసిందేనటగా బాబుగారూ. ఆ చేత్తోనే కొట్టెయ్యండి," అంది. కాగితం నా చేతుల్లో లేదని చెప్పి పంపేశాను.

ఏడాది దాటాక ఆయన్ని వదిలారు. ఆ ఏటి పీర్ల పండగకు ఆయన పీరును ఎత్తుతాడో లేదో కచేరీ నన్నే చూసి రమ్మంది. వెళ్ళాను. సాయిబు చిక్కి సగమయ్యాడు. కరణం ముందు నడుస్తుంటే పెద్ద పీరును భుజానికెత్తుకుని గుండం తొక్కాడు. జనం కేకలు పెట్టారు. ఆయన నన్ను చూశాడు.

తిరిగొచ్చి, సాయిబు తల వంచాడని రిపోర్టు రాశాను. ఈసారి తర్జుమాలో తప్పు లేదు.