తోలు సెంటు

వరంగల్ చౌరస్తా దగ్గరి ఆ సెంటు దుకాణానికి నా అంతట నేను పోయేదాన్ని కాదు. ఇంజనీరింగ్ చదివే నా బిడ్డ లాక్కుపోయింది. మరునాడు మా కొత్త ఇంట్లో దావత్. మా బడి టీచర్లంతా భోజనానికి వస్తున్నారు. హన్మకొండలో సొంతిల్లు కట్టుకున్నాక కూడా మీద పౌడర్ చల్లుకుని తిరుగుతావా అని దాని గోల.

నా గోల వేరు. మా అమ్మను మేం అవ్వ అంటాం. అవ్వ నా దగ్గరే ఉంటుంది. ఇంటికి ఎవరొచ్చినా, గేటు చప్పుడు కాగానే లేచి వెనక గిన్నెలు తోమే కొళాయి దగ్గరికి పోయి కూర్చుంటుంది. వాళ్లు వెళ్లేదాకా రాదు. అద్దె ఇళ్లలో ఉన్నన్నాళ్లూ ఇదే తంతు. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ ముందు గది ఎంత పెట్టాలని అడిగితే పెద్దగా పెట్టమన్నాను. అందులో సోఫా వేస్తాను, నలుగురు వచ్చిన రోజున అవ్వ ఆ సోఫా మీద కూర్చుంటుంది. నేను ఇల్లు కట్టింది ఆ ఒక్క ముచ్చట కోసమే అనుకున్నా తప్పులేదు.

దుకాణదారు గాజు అరల నిండా సీసాలు పేర్చుకుని కూర్చున్నాడు. అన్నీ పేరున్న ఫారిన్ సెంట్లకు నకళ్లు. నకలు అన్నానని ఆయనకు కోపమొచ్చింది.

"నకలు కాదు మేడం, ఇన్‌స్పైర్డ్. అసలు సీసా హైదరాబాద్ మాల్‌ల దొరుకుతది. ధర అడిగితేనే మనకు జరమొస్తది. ఇది దాన్ని చూసి చేసిన మాల్. ముక్కుకు ఫరక్ తెల్వది" అంటూ తెల్ల కాగితం ముక్క మీద కొంచెం కొట్టి, గాలిలో ఊపి నా ముందుకు చాపాడు. "లెదర్ మేడం. పెద్దోళ్ల వాసన ఇది."

నాకు నవ్వొచ్చింది. అది మంచి నవ్వు కాదేమో, నా బిడ్డ మోచెయ్యి గిల్లింది.

వాసన చూశాను. ముందు ఏదో పండు మాగినట్టు తియ్యగా తగిలింది. తర్వాత కొంచెం పొగ. ఆ తర్వాత కొత్త హ్యాండ్‌బ్యాగు జిప్పు లాగి లోపల ముక్కు పెట్టినట్టు ఉంది. బాగుంది, అబద్ధమెందుకు. అయినా కాగితం కింద పెట్టలేదు. మళ్లీ మళ్లీ చూశాను. సున్నం కోసం వెతికాను. తంగేడు చెక్క కోసం వెతికాను. ఎండలో ఆరేసిన పచ్చితోలు కోసం వెతికాను. ఏదీ లేదు. తోలు వాసనట, అందులో మా నాయిన లేడు.

మా నాయిన స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి ఒక పల్లెలో తోళ్లు నానబెట్టి చెప్పులు కుట్టేవాడు. ఊరికి దూరంగా మా వాడ, వాడకు దూరంగా మా లంద. లంద అంటే తోళ్లు నానేసే గుంత. సున్నపు నీళ్లలో వెంట్రుకలు ఊడిందాకా ఒకసారి, తంగేడు చెక్క నీళ్లలో ఎర్రబడిందాకా ఇంకోసారి నానాలి. చెక్క దంచేది, నీళ్లు మోసేది, తోళ్లు తిరగేసేది అవ్వ. కుట్టేది నాయిన. ఆయన చేసిన కిర్రు చెప్పులు తొడుక్కుని ఊరి పెద్దమనుషులు నడుస్తుంటే ఆ కిర్రుకిర్రు వాడకట్టు చివరిదాకా వినబడేది. ఆ చప్పుడంటే అందరికీ ముద్దు. వాటిని చేసిన చేతులు దగ్గరికొస్తే మాత్రం మొహాలు పక్కకు తిరిగేవి.

అందుకే మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది. ఏ ఇంట్లోనూ ఉండదది. పెళ్లికి గానీ, దవాఖానకు గానీ, బస్సెక్కి ఎక్కడికన్నా గానీ పోయేముందు అవ్వా నాయినా చేతులు కడిగేవాళ్లు. కుంకుడుకాయతో, బూడిదతో, ఆఖరున నిమ్మచెక్కతో. కడిగి, తడి చేతులు నా ముక్కు దగ్గర పెట్టేవాళ్లు. చిన్నపిల్లను కాబట్టి నాకు ముక్కు చురుకని వాళ్ల నమ్మకం.

"జర సూడు బిడ్డా, ఇంకా వస్తాందా?"

నేను పెద్ద పనిలాగా కళ్లు మూసుకుని వాసన చూసి, "రాట్లే" అనేదాన్ని. అప్పుడు గానీ వాళ్లు గడప దాటేవాళ్లు కాదు. నిజంగానే నాకు వచ్చేది కాదు. ఆ వాసనలోనే పుట్టినదాన్ని, ఆ వాసనలోనే తిని పడుకున్నదాన్ని, నాకెట్లా వస్తుంది? లోకంలో ఎవరినన్నా అడగొచ్చు గానీ నన్ను అడగకూడదు. ఆ సంగతి మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

నన్ను హాస్టల్లో చేర్పించడానికి పోయిన రోజున కూడా నాయిన అట్లాగే చేతులు చాపాడు. నేను రాట్లే అన్నాను. ఆయన తెల్లచొక్కా వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని, ఆఫీసు గదిలోకి ధీమాగా నడిచాడు. బల్ల వెనక ఉన్న సారు కలం తీసి సంతకం పెట్టమని చాపబోయి, చటుక్కున జేబులోంచి రుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. నాయిన చేతులు రెండూ వీపు వెనక్కి పోయాయి. తర్వాత ఒకసారి నన్ను చూశాడు. కోపంగా కాదు. కోపంగా చూసినా బాగుండేది. మళ్లీ ఎన్నడూ ఆ గేటు దాటి లోపలికి రాలేదు. నన్ను చూడ్డానికొస్తే బయట సోడా బండి దగ్గర నిలబడి కబురు పంపేవాడు. అట్లాగే నిలబడీ నిలబడీ ఒకనాడు పోయాడు కూడా.

ఇప్పుడీ దుకాణంలో అదే తోలు పెద్దోళ్ల వాసన అయింది. నాకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే సీసా కొన్నాను. రేపు మా ఇంట్లో, మా సోఫా మీద, వచ్చిన ప్రతి ముక్కూ ఈ వాసన పీల్చాలి అనుకున్నాను.

"ఎంతసేపుంటది భయ్యా?" అని నా బిడ్డ అడిగింది.

"కడిగినా పోదు. గ్యారంటీ" అన్నాడు దుకాణదారు.

మరునాడు బగారా అన్నం, మటన్ దించేసరికి ఇల్లంతా ఘుమఘుమలాడుతోంది. అవ్వకు నేత చీర కట్టి ముందు గదిలోకి తీసుకొచ్చాను. గేటు వైపు చూస్తూ ఒకటే నస.

"నేనెందుకు బిడ్డా మీ సార్లు మేడంల నడుమ. ఎనుక కూసుంటే నాకు నిమ్మళం."

"ఏం కాదు, కూసో" అన్నాను. బతిమాలలేదు, కసిరాను.

నా బిడ్డ సీసా పట్టుకొచ్చింది. "అమ్మమ్మా, జర చెయ్యి ఇటు పట్టు" అని మణికట్టు మీద, చీర కొంగు మీద కొట్టింది. అవ్వ చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఎన్నో ఏళ్లుగా ఆమె చేతిని ఆమె వాసన చూసుకోవడం చూస్తున్నాను. ఆ మొహంలో అట్లాంటి వెలుగు ఎన్నడూ చూడలేదు.

"మంచిగున్నది పిల్లా. ఏం పువ్వు ఇది?"

"పువ్వు కాదు అమ్మమ్మా, సెంటు" అంది నా బిడ్డ. అంతకుమించి ఎవరమూ చెప్పలేదు. అవ్వ సోఫా మీద ఒక అంచున కూర్చుంది. నాకు గుండె నిండిపోయింది.

టీచర్లు వచ్చారు. అందరికంటే ముందు లెక్కల మేడం. ఆమెతో ఎన్నో ఏళ్లు ఒకే గదిలో కూర్చుని తిన్నాను. నేను డబ్బా మూత తీసి ఇంత కూర వేసుకోమంటే ఆమెకు ఆ రోజు ఏదో ఒక ఉపవాసం వచ్చిపడేది. ఇప్పుడు కాలనీలో సొంతిల్లు చూశాక ఆ ఉపవాసాలన్నీ తీరిపోయినట్టున్నాయి. నేరుగా వచ్చి అవ్వ పక్కనే కూర్చుంది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఆ ఇద్దరినీ చూస్తున్నాను. ఇంకేం కావాలి అనిపించింది.

"అబ్బ! ఏం సెంటు పెద్దమ్మా ఇది, మస్తున్నది" అంది మేడం, అవ్వ వైపు వంగి.

"నా మనవరాలు కొట్టింది" అంది అవ్వ. చెబుతూ చెబుతూ సోఫాలో కొంచెం వెనక్కి జరిగి ఆనుకుంది.

మేడం నా బిడ్డను పిలిచి పేరడిగింది. "లెదర్ ఆంటీ" అంది నా బిడ్డ నీళ్ల గ్లాసులు అందిస్తూ.

"గదేంది?" అంది అవ్వ.

"తోలు పెద్దమ్మా, తోలు వాసన!" మేడం నవ్వింది. "మీకు తెల్వది గానీ, ఇప్పుడు తోలు వాసనకు ఉన్న గిరాకీ దేనికీ లేదు."

నేను ఆమె మొహంలో ఎకసెక్కెం కోసం వెతికాను. దొరికితే ఆ పూటే కడిగేసేదాన్ని. లేదు. మేం ఎవరమో ఆమెకు తెలుసు, అయినా ఆ మాటకూ మాకూ సంబంధం ఉందని ఆమెకు తోచనే లేదు. అంత హాయిగా మరిచిపోగలిగింది. తిట్టడానికి కూడా ఏమీ మిగల్చలేదు.

అవ్వ చెయ్యి మెల్లగా కొంగు కిందికి పోయింది. "జర నీళ్లు తాగొస్త" అని లేచింది. చేతిలో నీళ్ల గ్లాసు ఉండగానే లేచింది. ఎవరూ గమనించలేదు. మేడం ఆ సెంటు ఏ దుకాణంలో దొరుకుతుందో నా బిడ్డను అడుగుతోంది. ఎవరో భోజనానికి పిలవమన్నారు, నేను వడ్డించాను. మేడం మటన్ రెండోసారి కూడా వేయించుకుంది.

వడ్డన కాస్త తెరిపిచ్చాక వెనక్కి పోయాను. అవ్వ కొళాయి దగ్గర పీట మీద కూర్చుని ఉంది. కొత్త చీర కొంగు నిండా తడిసింది. పక్కన గిన్నెల సబ్బు, పీచు, ఉల్లిగడ్డల పళ్లెంలోంచి ఏరుకొచ్చిన నిమ్మచెక్కలు. మణికట్టు మీద చర్మం ఎర్రగా కమిలిపోయింది. ఇంకా రుద్దుతూనే ఉంది. చెప్పాల్సిన మాటలు నాకు చాలా తెలుసు. బళ్లో పిల్లలకు రోజూ చెప్పేవే.

నన్ను చూసి కొళాయి కట్టేసింది. నీళ్లు కారుతున్న చెయ్యి నా మొహం ముందుకు చాపింది.

"జర సూడు బిడ్డా, ఇంకా వస్తాందా?"

వంగి వాసన చూశాను. దుకాణదారు అబద్ధమాడలేదు. సబ్బు కింద, నిమ్మ కింద, అది అట్లాగే ఉంది.

"రాట్లే అవ్వా" అన్నాను.

అవ్వ నా కళ్లలోకి ఒకసారి చూసింది.

"నీకెన్నడు వచ్చింది బిడ్డా" అని, మళ్లీ కొళాయి తిప్పింది.